రంగు కోసం కాదు, చర్మం కోసం

హాస్టల్లో ఏ ట్రంకు పెట్టె మూత తీసినా పుస్తకాల పక్కన ఒక చిన్న కొట్టు కనిపిస్తుంది. సగం అరిగిన బట్టల సబ్బు, చాలామందికి ఒంటి సబ్బు కూడా అదే. కొబ్బరినూనె ప్యాకెట్టు, పౌడరు డబ్బా, తెల్లబడటానికి ఒక క్రీము ట్యూబు. అడుగున ఎవరికీ కనపడకుండా దాచుకున్న తామర ఆయింట్‌మెంటు. ఆ పెట్టెల్లో ఉన్నవాటి గురించి మాట్లాడదామనే ఈ వ్యాసం. చదువుల గురించి, ఉద్యోగాల గురించి రాయాల్సిన వార్షికోత్సవ సంచికలో సబ్బులూ క్రీములూ ఏమిటని కొందరు నవ్వుకోవచ్చు. కానీ పాఠశాల హాస్టళ్లలో మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ప్రభుత్వం ఇచ్చే డబ్బులో ఒక భాగానికి పేరే 'కాస్మెటిక్ ఛార్జీలు'. మనలో చాలామందిమి ఆ డబ్బుతోనే సబ్బు కొనుక్కుని పెరిగాం. కాబట్టి ఇది మన సొంత విషయమే.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మన చర్మానికి కావలసినవి మూడే: శుభ్రత, తేమ, ఎండ నుంచి కాస్త నీడ. ఈ మూడూ మనం పుట్టిన ఊళ్లలోని చెట్ల దగ్గర, వంటింట్లో, తక్కువ ఖర్చుతో చాలావరకు దొరుకుతాయి. నాలుగోది, అంటే తెలుపు, మనకు అక్కర్లేదు. ఆ నాలుగోదాని కోసం పరిగెత్తుతూ మొదటి మూడింటినీ పోగొట్టుకుంటున్నాం. ఆరోగ్యాన్ని కూడా పోగొట్టుకుంటున్నాం.

చర్మం చేసే పని

చర్మం అంటే పైన కప్పిన గుడ్డ లాంటిది కాదు, అది పనిచేసే అవయవం. లోపలి తడిని బయటికి పోనివ్వదు, బయటి క్రిములను లోపలికి రానివ్వదు. దాని పైపొరలో కొవ్వు పదార్థాలు ఉంటాయి. ఇటుకల మధ్య సున్నంలాగా అవి కణాలను పట్టి ఉంచుతాయి. ఆ పైపొరకు కొంచెం ఆమ్ల గుణం ఉంటుంది. ఇంటర్‌లో చదువుకున్న పీహెచ్ స్కేలు గుర్తుందా? ఆరోగ్యంగా ఉన్న చర్మం ఆ స్కేలు మీద 5 దగ్గర ఉంటుంది. నూనెను క్షారంతో కలిపి చేసే మామూలు సబ్బు 9 నుంచి 10 దాకా ఉంటుంది. బట్టల సబ్బుకు, సోడాకు ఘాటు ఇంకా ఎక్కువ. రోజూ బట్టల సబ్బుతో ఒళ్లు రుద్దుకుంటే మురికితోపాటు ఆ కొవ్వు పొర కూడా పోతుంది. చలికాలం వచ్చేసరికి కాళ్ల మీద తెల్లగా పొట్టు లేచి, గీరితే గీత పడేది ఇందుకే. మనం దాన్ని 'ఒళ్లు పగలడం' అంటాం.

ఇక రంగు సంగతి. మన చర్మంలో మెలనిన్ అనే పదార్థం ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అది పట్టి ఆపుతుంది. అంటే నలుపు అనేది ఎండ దేశంలో శరీరం తనకు తాను వేసుకున్న గొడుగు. గొడుగును చించేసుకుని ఎండలో నిలబడేవాడిని మనం తెలివైనవాడు అంటామా?

మన ఊళ్లో ఉన్నవి

సబ్బు ఇంటింటికీ రాకముందు మన పెద్దవాళ్లు తలంటుకోలేదా? కుంకుడుకాయలు ఉండేవి, శీకాయ ఉండేది. కుంకుడులో సపోనిన్లు అనే పదార్థాలున్నాయి. నీళ్లలో పిసికితే నురగ వచ్చేది వాటివల్లే. నూనెనూ మురికినీ పట్టి తీసేస్తాయి. కుంకుడు రసానికి సబ్బులాంటి క్షార గుణం లేదు, కొంచెం పులుపు వైపే ఉంటుంది. అందుకే తలంటుకున్నాక జుట్టు మరీ గరుకుగా అనిపించదు. శీకాయ ఇంకా మెత్తన. పది కాయలు గింజ తీసి రాత్రి గోరువెచ్చని నీళ్లలో నానేస్తే పొద్దున ఒక మనిషి తలకు సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: కంట్లో పడితే మంట తట్టుకోలేం. పుస్తకాల్లో రాయని ఈ సంగతి మనందరికీ చిన్నప్పుడే అమ్మ చేతుల్లో తెలిసింది!

ఒంటికి సున్నిపిండి. పెసలు, శనగలు దోరగా వేయించి, కచ్చూరాలు, ఎండిన గులాబీ రేకులు, కాస్త పసుపు కలిపి విసిరిన పిండి. మురికినీ జిడ్డునూ పిండి పీల్చుకుంటుంది, చర్మంలోని కొవ్వును పూర్తిగా లాగేయదు. గట్టిగా రుద్దకూడదు, తడిపి మెత్తగా రాసి కడిగేయాలి. ఒంటికి కొబ్బరినూనె అయినా, నువ్వులనూనె అయినా స్నానం అయిన వెంటనే, ఒళ్లు ఇంకా తడిగా ఉన్నప్పుడే రెండు చుక్కలు రాస్తే తేమ నిలుస్తుంది. మొటిమలు ఉన్నవాళ్లు మాత్రం మొహానికి కొబ్బరినూనె రాయకపోవడమే మంచిది, అది రంధ్రాలను మూసేస్తుంది.

అయితే ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. పత్రికల్లో 'మన అమ్మమ్మల సౌందర్య రహస్యాలు' అని రాస్తుంటారు. అవి ఎవరి అమ్మమ్మలు? మన అమ్మమ్మలకు పెసలు పప్పుకే చాలేవి కావు, సున్నిపిండికి ఎక్కడినుంచి వస్తాయి? పండక్కి ఒక్కసారి పిల్లలకు నలుగు పెడితే అదే గొప్ప. మిగతా రోజుల్లో రేగడి మట్టితో తల రుద్దుకుని వాగులో మునిగి వచ్చిన వాళ్లే ఎక్కువ. ఈరోజు అదే సున్నిపిండి అందమైన సీసాలో కెక్కి, మనం అందుకోలేని ధరకు పట్నంలో అమ్ముడుపోతోంది. చెట్టుమందులు అందరివీ అంటారు గానీ, కొనుక్కోవడం మాత్రం కొందరికే అయింది.

ఇంకో నిజం కూడా ఉంది. చెట్టుకూ చర్మానికీ ఉన్న సంబంధం గురించి ఈ దేశంలో అందరికంటే ముందు, అందరికంటే బాగా తెలిసినవాళ్లు ఎవరు? మన తాతలే. పచ్చితోలును సున్నంలో నానబెట్టి వెంట్రుక తీసి, లందలో తంగేడు చెక్క నీళ్లు పోసి, కరక్కాయ కలిపి, కుళ్లిపోవాల్సిన తోలును ఏళ్ల తరబడి నిలిచే చెప్పుగా, డప్పుగా, మోట బొక్కెనగా మార్చినవాళ్లు. తంగేడు చెక్కలో టానిన్ ఉంటుందని, అది తోలులోని ప్రోటీన్‌ను పట్టి గట్టిపరుస్తుందని ఇవాళ మనం కెమిస్ట్రీ క్లాసులో చదువుతున్నాం. వాళ్లు దాన్ని చేతులతో తెలుసుకున్నారు. బట్టలకు చౌడు మట్టి ఎంత వేయాలో, ఏ మరక దేనికి పోతుందో చాకలి కులాల వాళ్లకు తెలుసు. ఇంత రసాయన శాస్త్రం తెలిసినవాళ్లను అంటరానివాళ్లనీ, తక్కువవాళ్లనీ అన్నారు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వును ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పంగా గౌరవిస్తున్నాం. ఆ చెట్టు చెక్కతో పనిచేసిన చేతులను కూడా అంతే గౌరవంగా తలుచుకోవాలి.

ఇలాంటి ఇంటి జ్ఞానానికి విలువ లేదనుకుంటే పొరపాటు. పసుపుతో గాయాలు మాన్పే పద్ధతి మీద 1995లో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయానికి పేటెంటు ఇచ్చారు. ఇది మా ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదేనని మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాల సాక్ష్యంతో వాదిస్తే 1997లో రద్దు చేశారు. వేపనూనెతో బూజు తెగుళ్లను అణచే పద్ధతి మీద ఐరోపాలో 1994లో ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయింది, అప్పీలులో కూడా 2005లో మనవైపే తీర్పు వచ్చింది. మన పెరటి చెట్టు కోసం పెద్ద పెద్ద కంపెనీలు కోర్టుకెక్కాయంటే దాని విలువ మనకే తెలియలేదన్నమాట.

ట్యూబులో ఏముంది?

ఇప్పుడు పెట్టె అడుగున ఉన్న ట్యూబుల సంగతికి వద్దాం. మాకు అన్నిటికంటే భయం వేసేది వీటి విషయంలోనే.

మొదటిది స్టెరాయిడ్ క్రీములు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ - ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి. ఇవి మంచి మందులే. ఎగ్జిమా లాంటి జబ్బులకు డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే మేలు చేస్తాయి. కానీ వీటిని మొహానికి రాస్తే మొదటి కొన్నాళ్లు చర్మం తేటగా, నున్నగా కనిపిస్తుంది. అక్కడే మనం పడిపోతాం. స్నేహితురాలికి తెల్లబడింది కదా అని పక్క మంచం చెల్లెలు కూడా కొనుక్కుంటుంది. కొన్ని నెలలు గడిచాక చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు కనిపిస్తాయి, మొటిమలు గుంపుగా లేస్తాయి, ఆడపిల్లల మొహం మీద వెంట్రుకలు వస్తాయి, ఎండలోకి వెళ్తే మంట. మానేద్దామంటే మానిన నాలుగు రోజులకే మొహం ఎర్రగా ఉబ్బి ఇంకా భయపెడుతుంది. మళ్లీ రాస్తారు. ఇది ఒక వ్యసనం లాంటిదే. మన దేశంలో ఈ బాధతో వచ్చేవాళ్లు ఎంత ఎక్కువయ్యారంటే చర్మ వైద్యులు దీనికి విడిగా ఒక పేరే పెట్టుకున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చట్టం ఉంది. కానీ మెడికల్ షాపులో 'అన్నా, తెల్లబడే క్రీము ఇవ్వు' అంటే చీటీ అడిగేవాళ్లు ఎంతమంది?

ఇదే స్టెరాయిడ్ తామర మందుల్లో కూడా దూరింది. తామర ఒక బూజు. దాన్ని చంపాల్సింది బూజు మందు. ఒకే ట్యూబులో బూజు మందు, సూక్ష్మజీవుల మందు, స్టెరాయిడ్ మూడూ కలిపి అమ్ముతున్నారు. స్టెరాయిడ్ వల్ల దురద ఆ రాత్రికే తగ్గుతుంది, హమ్మయ్య అనిపిస్తుంది. కానీ అదే స్టెరాయిడ్ చర్మం రోగనిరోధక శక్తిని కూడా తగ్గిస్తుంది, బూజు లోలోపల పాకుతుంది. రూపాయి బిళ్లంత మచ్చ నడుమంతా అల్లుకుంటుంది. ఇప్పుడు మన దేశంలో మామూలు మందులకు లొంగని తామర వ్యాపించడానికి ఇలాంటి ట్యూబుల వాడకం ఒక ముఖ్య కారణమని వైద్యులు అంటున్నారు. ఆ మొండి బూజుకు 2020లో శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులోనే ఇండియా ఉంది - ట్రైకోఫైటాన్ ఇండోటినియే. ఒకే బక్కెట్టు, ఒకే తువ్వాలు, ఆరని లుంగీలు, ఒక గదిలో పదిమంది ఉండే మన హాస్టళ్లు దానికి అత్తారిల్లు లాంటివి!

రెండోది పాదరసం. పాదరసం మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది కాబట్టి కొన్ని దొంగ క్రీముల్లో దాన్ని కలుపుతారు. అది చర్మం గుండా రక్తంలోకి పోయి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఇది ఊహ కాదు. కేరళలోని కొట్టక్కల్ ఆసుపత్రి వైద్యులు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు తమ దగ్గరికి వచ్చిన ఒక రకం కిడ్నీ జబ్బు కేసులు 22 పరిశీలించారు. అందులో 15 మందిలో అరుదైన ఒక రకం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లే. కాళ్లు వాచి, మూత్రంలో ప్రోటీన్ పోతూ వచ్చినవాళ్లు. మన దేశ నిబంధనల ప్రకారం సౌందర్య సాధనాల్లో పాదరసం కావాలని కలపడానికి వీల్లేదు. పాదరసంపై మినమాటా ఒప్పందం కూడా ఇలాంటి క్రీములను ప్రపంచమంతటా ఆపాలంటోంది. అయినా తయారీదారు చిరునామా లేని డబ్బాలు సంతల్లో, ఫోన్లలో అమ్ముడవుతూనే ఉన్నాయి. డబ్బా మీద 'వెండి, బంగారం నగలకు తగలనివ్వొద్దు' అని రాసి ఉంటే అనుమానించండి. పాదరసం లోహాలను పట్టుకుంటుంది కాబట్టే ఆ హెచ్చరిక. నగకు తగలకూడనిది చెంపకు తగలొచ్చా?

ఆకు అయితే చాలా?

ఇదంతా చదివి 'సరే, ఇక అంతా ఆకులే, రసాలే' అని కొందరు తేల్చేస్తారు. దానికి కూడా మేం ఒప్పుకోం. చెట్టు నుంచి వచ్చిందల్లా మెత్తనిది కాదు. నల్లజీడి గింజ రసం చాకలి గుర్తులు పెట్టడానికి వాడతారు, ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. రెండూ ప్రకృతి ఇచ్చినవే కదా!

మొహానికి నిమ్మరసం రుద్దడం మన గదుల్లో పెద్ద అలవాటు. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, చర్మానికి అది మరీ పులుపు. పైగా నిమ్మ జాతి కాయల్లో ఉండే కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి నల్ల మచ్చలు మిగులుస్తాయి. నలుపు పోవాలని రాసుకుంటే నలుపే వస్తుందన్నమాట. వంటసోడాది ఇంకో వైపు తప్పు, క్షారం ఎక్కువ. వేపనూనె చిక్కగా అలాగే రాస్తే కొందరికి మంట పుడుతుంది, చిన్నపిల్లలకు తాగించడం ప్రాణం మీదికి తెస్తుంది. పసుపు మంచిదే, కానీ విడి పొడిలో రంగు కోసం లెడ్ క్రోమేట్ లాంటివి కలిపే మోసం ఉంది. పసుపు కొమ్ములు కొని దంచుకోవడం మేలు. నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్లున్న మనకు కొమ్ములకు కరువా?

గోరింటాకు చూడండి. ఆకు రుబ్బి పెట్టుకుంటే ఎర్రగా పండుతుంది, ఎవరికో తప్ప ఇబ్బంది ఉండదు. అదే 'నల్ల మెహందీ' అని అమ్మే కోన్లలో జుట్టు రంగులో వాడే పి.పి.డి. అనే రసాయనం కలుపుతారు. గంటలో నల్లగా పండుతుంది, కొందరికి రెండు రోజుల్లో బొబ్బలు వస్తాయి. నిజమైన గోరింటాకు ఎప్పుడూ నల్లగా పండదు, అంత గుర్తుపెట్టుకుంటే చాలు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడే కుంకుమ వేరు, చవక రంగుతో చేసే కుంకుమ వేరు. స్టిక్కర్ బొట్ల వెనక ఉండే కొన్ని రకాల జిగురు వల్ల నుదుట తెల్ల మచ్చ పడుతుంది. అమ్మలు దాన్ని బొల్లి అని భయపడిపోతారు.

అందుకే మేం చెప్పేది ఒక్కటే. డబ్బా మీద ఆకు బొమ్మ ఉందా, ఇంగ్లీషు పేరు ఉందా అన్నది చూడొద్దు. చర్మం ఏమంటోందో చూడండి. కొత్తది ఏదైనా సరే, మోచేతి మడతలో బిళ్లంత రాసి రెండు రోజులు ఆగండి. దురద, మంట, ఎరుపు వస్తే అది మీకు పడదు. అమ్మమ్మ చెప్పినదైనా సరే, సినిమా తార చెప్పినదైనా సరే.

నలుపు ఎవరికి తప్పు?

అసలు ఈ తెలుపు మోజు ఎక్కడినుంచి వచ్చింది? మన దేశంలో అందరికీ తెలిసిన ఫెయిర్‌నెస్ క్రీము 1975లో మార్కెట్లోకి వచ్చింది. నల్లగా ఉంటే ఉద్యోగం రాదు, పెళ్లి కాదు, తెల్లబడితే అన్నీ వస్తాయని ఏళ్ల తరబడి ప్రకటనలు చెప్పాయి. ప్రపంచమంతా విమర్శించాక 2020లో ఆ కంపెనీ పేరులోంచి 'ఫెయిర్' అనే మాట తీసేసి 'గ్లో' అని పెట్టుకుంది. పేరు మారింది. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో 'తెల్లని, అందమైన' అనే మాట మారిందా? మన సినిమాల్లో కథానాయిక రంగు మారిందా?

ప్రకటనలకు ముందు నుంచే ఉన్న సంగతి కూడా ఒకటుంది. మన సమాజంలో ఎండలో పనిచేసేవాడు ఒకడు, నీడలో కూర్చుని తినేవాడు ఒకడు. నాటు వేసేవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు, మట్టి మోసేవాళ్లు నల్లబడ్డారు. ఆ నలుపును తక్కువతనానికి గుర్తు చేశారు. చెరువులో నీళ్లు ముట్టుకోనివ్వకుండా చేసి, ఆ తర్వాత మురికివాళ్లని పేరు పెట్టారు. 1927లో మహాడ్ చెరువు నీళ్లు చేత్తో తీసుకుని తాగి బాబాసాహెబ్ అంబేద్కర్ నిలబెట్టిన హక్కు అదే. శుభ్రంగా ఉండే హక్కు నీళ్లతో మొదలవుతుంది. కాబట్టి మిత్రులారా, ఒంటిని శుభ్రంగా ఉంచుకోవడం మనకు ఆత్మగౌరవం. ఒంటిని తెల్లగా మార్చుకోవాలనుకోవడం మాత్రం మనల్ని తక్కువ చేసినవాళ్ల మాటకు తలూపడం. 'నలుపు నారాయణుడు మెచ్చు' అని సామెత చెప్పి ఓదార్చుకోవడం కూడా ఇక చాలు. ఓదార్చడానికి నలుపు ఏమన్నా నష్టమా?

చెల్లెళ్లతో ఒక మాట. ఇంటర్వ్యూకి వెళ్లేముందు మొహం తెల్లబడాలని రెండు నెలలు క్రీము రాసే కంటే ఆ డబ్బుతో ఒక పోటీ పరీక్షల పుస్తకం కొనండి. తమ్ముళ్లతో కూడా ఒక మాట. 'కర్రోడా', 'బొగ్గు' అని పక్కవాడిని పిలవడం సరదా అనుకుంటున్నారు. ఆ సరదా తర్వాతే వాడి పెట్టెలోకి ట్యూబు చేరుతుంది.

హాస్టల్లో ఏం చేయాలి?

విమర్శించి ఊరుకుంటే లాభం లేదు. చేయగలిగినవి కొన్ని రాస్తున్నాం. వార్డెన్‌గారు, విద్యార్థి కమిటీ కలిసి ఆలోచించాలని కోరుతున్నాం.

ఒకటి, నీళ్లు. బాత్‌రూముల్లో పొద్దున అందరికీ చాలినన్ని నీళ్లు లేకుండా చర్మ సంరక్షణ మీద ఎన్ని వ్యాసాలు రాసినా వృథా. బట్టలు ఎండలో ఆరేసుకోవడానికి దండేలకు చోటు కావాలి. ఆరని లోపలి బట్టలు వేసుకోవడమే తామరకు సగం కారణం.

రెండు, సబ్బు. తెలంగాణలో 2024లో డైట్, కాస్మెటిక్ ఛార్జీలు పెంచారు, సంతోషం. ఆ పెరిగిన డబ్బు మంచి సబ్బుగా మారాలి. సబ్బు అట్ట మీద టి.ఎఫ్.ఎం. అని ఒక శాతం రాసి ఉంటుంది. 76 అంతకంటే ఎక్కువ ఉంటే మొదటి రకం, 70 రెండో రకం, 60 మూడో రకం. ఒంటి సబ్బు వేరు, బట్టల సబ్బు వేరుగా ఇవ్వాలి. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ అడవి బిడ్డల దగ్గర కుంకుడుకాయలు, శీకాయ కొని అమ్ముతుంది, సబ్బులు కూడా తయారుచేస్తుంది. సంక్షేమ హాస్టళ్లకు కావలసినవి అక్కడ కొంటే మన ఒంటికీ మంచిది, ఏరుకొచ్చిన తల్లికీ కూలి గిడుతుంది.

మూడు, చెట్లు. ప్రతి హాస్టల్ ఆవరణలో ఒక వేప, ఒక కుంకుడు, రెండు గోరింట మొక్కలు, ఒక కలబంద మడి పెట్టుకోవచ్చు. కుంకుడు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. మనం నాటితే మన తర్వాత వచ్చేవాళ్లు తలంటుకుంటారు. మనం చదివిన ఈ హాస్టల్ కూడా మనకు ముందువాళ్లు కొట్లాడి తెచ్చిందే కదా!

నాలుగు, గజ్జి. దీని గురించి సిగ్గుపడకండి. గజ్జి ఒక కంటికి కనపడని పురుగు వల్ల వస్తుంది, ఎవరి కులం వల్లో మురికి వల్లో కాదు. రాత్రిళ్లు దురద ఎక్కువైతే, వేళ్ల సందుల్లో, నడుము దగ్గర పొక్కులు వస్తే వెంటనే చెప్పాలి. వేపాకు నీళ్ల స్నానం హాయిగానే ఉంటుంది, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే గజ్జి గది దాటి గదికి పోతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు చెప్పే పర్‌మెథ్రిన్ క్రీమును గదిలో అందరూ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాసుకోవాలి, పొద్దున స్నానం చేయాలి, వారానికి మళ్లీ ఒకసారి రాయాలి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ఒక్కడు మాత్రమే రాసుకుంటే ప్రయోజనం లేదు. ఇలాంటి చోట మెత్తనిది అంటే సరైన మందు సరైన రోజున వాడటమే.

ఐదు, చదవడం. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మనలో చాలామందిమి మన ఇళ్లలో డిగ్రీ గడప దాటిన మొదటివాళ్లం. మన ఇంట్లో మందు డబ్బా మీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగేది మనం ఒక్కళ్లమే. అమ్మ కాళ్ల పగుళ్లకు, నాన్న నడుము తామరకు, అక్క మొహానికి ఏ ట్యూబు వాడుతున్నారో ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు చూడండి. చివర 'సోన్' అనో, 'సాల్' అనో వచ్చే పేరు ఉందా? ఆర్.ఎక్స్. గుర్తు ఉందా? తయారీదారు చిరునామా, బ్యాచ్ నెంబరు, గడువు తేదీ ఉన్నాయా? స్టెరాయిడ్ చాలాకాలంగా వాడుతుంటే భయపెట్టి ఒక్కసారిగా మాన్పించకండి, చర్మ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల్లో చర్మ విభాగం ఉంటుంది. అమ్మ పగుళ్లకు గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టించి, తుడిచి, నూనె రాసి, పాత సాక్సులు తొడగండి. ఆ మడమలు పొలం గట్ల మీద పగిలి మనల్ని ఇంతదూరం పంపాయి. మన చదువు ముందుగా చేరాల్సింది వాటి దగ్గరికే.

ఈ హాస్టల్ మనకు అన్నం పెట్టింది, చదువు చెప్పింది. ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు మన పెట్టెలో పుస్తకాలు ఉండాలి, ఒక మంచి సబ్బు ఉండాలి, చిన్న సీసాలో నూనె ఉండాలి. తెల్లబడే ట్యూబు ఒకటి తగ్గినా మన బరువు ఎంతో తగ్గినట్టే. ఆలోచించండి మిత్రులారా.

జై భీమ్.